సగం నేర్పిన నిప్పు

గుంట పొడవు నాలుగడుగులు, వెడల్పు మూడడుగులు, లోతు రెండడుగుల ఎనిమిదంగుళాలు. టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. ముప్పై రెండు ఘనపుటడుగులు. తొక్కిన మట్టి కుంగుతుంది కాబట్టి నలభై అడుగులకు సరిపడా మట్టి చెప్పాను. గద్వాలలో మా ఇంటి ముందుగదిలో ఆ గుంట నేను పుట్టకముందు నుంచీ ఉంది. నేల మీద కూర్చుని, కాళ్లు అందులోకి దించి, నాయిన నలభై ఏళ్లు మగ్గం నేశాడు. ఇప్పుడు ఆయన మోకాళ్లు వంగడం లేదు. గుంటలోకి దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నేసే స్టాండు మగ్గం వచ్చే వారం వస్తుంది. ఆలోపు గుంట పూడ్చాలి. అందుకోసమే నాగర్‌కర్నూల్ నుంచి రెండు రోజులు సెలవు పెట్టి, ఐదేళ్ల మా అమ్మాయి ఆద్యను వెంటబెట్టుకుని వచ్చాను.

మగ్గం విప్పి కొయ్యలన్నీ గోడకు చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఖాళీ గుంట చూడగానే ఆద్య అందులోకి దూకింది. తలా భుజాలూ మాత్రం పైకి కనిపిస్తున్నాయి. గోడలకు మా అమ్మ ఏటా అలికిన ఎర్రమట్టి పెచ్చులు పెచ్చులుగా ఉంది. ఆద్య గోరుతో ఒక పెచ్చు లాగింది. ఎడమ మూలన, లోపలి పొర మీద, అరచేయంత నల్లమచ్చ బయటపడింది.

“తాతా, ఇదేంది? నల్లగుంది.”

నాయిన మంచం మీద నుంచి తల కూడా తిప్పలేదు. “అదా బిడ్డా? మీ ముత్తవ్వ సాంబ్రాణి బొగ్గు పడగొట్టింది. ముసల్దయి చేతులు వణుకుతుండె. మగ్గమే అంటుకున్నది. మీ మంజుల అత్త నీ కంటే చిన్నది, గప్పుడు గుంటల్నే ఉండె.”

“చచ్చిపోయిందా?”

“సస్తే నిన్న ఫోన్ల నీతోని లొల్లి వెట్టుకున్నది ఎవరే?” నాయిన నవ్వాడు. ఆద్యా నవ్వింది.

నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. సాంబ్రాణి బొగ్గు ఏదీ గుంటలో పడలేదు. అవ్వ చేతులు కన్నుమూసే రోజు దాకా వణకలేదు. ఈ రెండు సంగతులూ తెలిసిన మనిషిని భూమ్మీద ఇప్పుడు నేనొక్కణ్ని. ఇరవై ఆరేళ్లుగా ఆ అబద్ధం మా ఇంట్లో కదలకుండా ఉంది. ఇప్పుడది నా కళ్ల ముందే నా కూతురి చెవిలో పడింది. రేపు సాయంత్రానికి గుంట పూడిపోతుంది. ఆ తర్వాత చూపించడానికి మచ్చ కూడా ఉండదు.

నా సంచిలో ఒక కాగితం ఉంది. దాని మీద ఎనిమిది అంశాలు. అదెందుకో ముందు చెప్పాలి. నేను కల్వకుర్తి వైపు ఒక ఎత్తిపోతల పంపుహౌసులో ఇంజనీరుని. ఆరు నెలలకోసారి అక్కడ మంటలార్పే కసరత్తు నేనే చేయిస్తాను. అలాంటి నా ఇంట్లో, పోయిన నెల పుట్టినరోజు నాడు, ఆద్య కొవ్వొత్తి వెలుగును వేళ్లతో పట్టుకుని పైకి తీయబోయింది. అది మంటను ఒక వస్తువు అనుకుంది. తప్పు దానిది కాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడు చోట్ల నిప్పుండేది: వంటపొయ్యి, నీళ్లపొయ్యి, అద్దకం పొయ్యి, కుంపటి, దేవుడి దీపం, కరెంటు పోతే పెట్టే కందిలి, సాంబ్రాణి గిన్నె. ఇప్పుడు మా క్వార్టర్లో ఇండక్షన్ స్టవ్, గీజరు, దోమల మిషను. మంట అనేది కంటికి కనిపించదు. కనిపించకపోతే లేదని కాదు. అది తీగల్లోకీ బ్యాటరీల్లోకీ వెళ్లి కూర్చుందని నా ఉద్యోగం నాకు రోజూ చెబుతుంది.

దానికి నిప్పు నేర్పిస్తానంటే మా ఆవిడ స్వాతి ఒప్పుకోలేదు. ఆమె నర్సు. “దవాఖానల కాలిన పిల్లలకు కట్లు కట్టేది నేను, నువ్వు కాదు,” అంది. రెండు వారాలు అడుగుతూనే ఉన్నాను. చివరికి, “ఏమేం చేస్తవో కాగితం మీద రాసియ్యి, చదివి చెప్త,” అంది. ఏడు అంశాలు రాసిచ్చాను. ఎనిమిదోది ఆమె తన చేత్తో రాసింది: ‘అప్పుడు ఫోన్ ఇంకో గదిలో ఉండాలె.’ ఆ ఏడింటిలో ఆరు నావి కావు. అవ్వవి. ఒక్కటి మాత్రం అవ్వ చెప్పడం మరిచిపోయింది. ఈ కథంతా ఆ ఒక్కదాని గురించే.

అవ్వ అంటే నాయిన తల్లి. ఇంట్లో అద్దకం పని ఆమెది. వెనక దొడ్లో రాతి పొయ్యి, దాని మీద రాగి గంగాళం. పట్టుపోగుల కట్టలను కర్రలకు వేలాడదీసి, మరిగే రంగులో ముంచి తిప్పుతూ ఉండేది. పొద్దున లేచేసరికి ఇంట్లో మూడు వాసనలు: కొంచెం కోడి ఈకల్లాంటి తడిసిన పట్టుది, సోడాది, కందికట్టె పొగది. గంగాళం దగ్గరికి పోకుండానే, వంటింట్లో కూర్చుని దాని చప్పుడు విని, “మంట ఎక్కువైంది, ఒక కట్టె గుంజు,” అనేది అమ్మతో. ఆమె ముంజేతుల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. నెమలికంఠం రంగు చేతులతో ఆమె నాకు పెరుగన్నం కలిపిపెట్టడం గుర్తుంది. కాలిన మచ్చ మాత్రం ఒక్కటీ లేదు. నలభై ఏళ్లు నిప్పు పక్కన బతికిన మనిషికి అదెలా సాధ్యమని అప్పుడు నాకు తట్టలేదు.

అమావాస్య నాడు మా వీధిలో మగ్గాలు ఆగేవి. పొద్దున్నే అవ్వ మగ్గానికి సాంబ్రాణి పొగ చూపించి, ఆ బొగ్గుల మీద నీళ్లు చల్లి, చల్లారాక పెంటలో పారబోసేది. ఆ తర్వాత నన్నూ మా చెల్లె మంజులనూ దొడ్లోకి పిలిచేది. నెలకు ఒక్కరోజు, ఒక్క గంట. ఇతర రోజుల్లో అడిగినా చేసేది కాదు. నాయినకు ఇది నచ్చేది కాదు.

“పోరగాండ్లకు అగ్గితోని ఆటలేందమ్మా? మగ్గాలున్న ఇల్లు,” అనేవాడు.

“మగ్గాలున్న ఇల్లనే నేర్పుతున్న,” అనేది అవ్వ. “భయపడ్డ పోరడు ఇడిసిపెట్టి ఉర్కుతడు. ఎరికున్న పోరడు నీళ్లు తెస్తడు.”

ఆమె నియమాలు నాకు వరసగా గుర్తున్నాయి, ఎందుకంటే రెండో తరగతి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. ముందు చెంబు నిండా నీళ్లు, తర్వాతే అగ్గిపెట్టె. మడమల మీద కూర్చోవాలి. పిర్రలు నేలకు ఆనిస్తే లేవడం ఆలస్యమవుతుంది. చొక్కా చేతులు మోచేతి పైకి, మంజుల జుట్టు ముడి. గాలి లేని చోటు. ఒక్క పుల్లకు ఒక్క పని. కాలింది ఏదైనా ఇత్తడి తాంబాళంలోనే పడాలి. ఇవి తప్పితే ఆరోజు పాఠం లేదు. ఒకసారి మంజుల కింద చతికిలబడితే, వెలిగించిన పుల్లను కూడా ఊదేసి, “అయిపాయె. వచ్చే అమావాస్యకు రాండ్రి,” అని లోపలికి వెళ్లిపోయింది. మంజుల ఏడుస్తూ నెల రోజులు మడమల మీద కూర్చుని అన్నం తిన్నది.

పాఠాలు చాలా చిన్నవి. పుల్ల తల పైకి పెట్టి పట్టుకుంటే మంట మెల్లగా దిగుతుంది, కిందికి వంచితే వేళ్ల మీదికి ఉరుకుతుంది. ఎందుకో చెప్పేది కాదు, చూడమనేది. దీపం మీద గాజు గ్లాసు బోర్లిస్తే నేను లెక్కపెట్టాలి: చిన్న గ్లాసుకు నాలుగు, పెద్ద గ్లాసుకు పదకొండు. “దానికి గూడ ఊపిరి కావాలె. పీక పిసికితే సస్తది,” అనేది. ఎండిన మోదుగాకు ఒకటి మంటకు చూపిస్తే భగ్గున అంటుకునేది. అదే ఆకుతో కుట్టిన దొప్పలో నీళ్లు పోసి పట్టుకారుతో మంట మీద పట్టుకుంటే, నీళ్లు వేడెక్కేవి గానీ దొప్ప కాలేది కాదు. అది చూసి మంజుల, “అవ్వా, నీళ్లున్నోళ్లను అగ్గి ఏం జేయదా?” అని అడిగింది. అవ్వ పడీ పడీ నవ్వి, “గందుకే బిడ్డా, చెంబు ముందలవెట్టమంటి,” అంది.

నాలుగో నెలలో పోగుల పాఠం. అది ఆమె సొంత విద్య. పట్టులో దొంగపోగు కలిపి తెచ్చే వ్యాపారులుండేవాళ్లు. అవ్వ ఒక్క పోగు తీసి, మంటకు చూపించి, వాసన పట్టి చెప్పేసేది. దొంగపోగు ముడుచుకుని కరిగి గట్టి పూసలా అవుతుంది. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే చర్మానికి అతుక్కుంటుంది. నిజమైన పట్టు వెంట్రుక కాలిన వాసన కొట్టి, చుట్టుకుని, మంట తీసేయగానే తనంతట తనే ఆరిపోతుంది. దాని బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. “చూడు పెద్దోడా, పట్టు నీతి గలది,” అంది అవ్వ. “అగ్గి తీస్తే ఊకుంటది.” నేను పుస్తకంలో రాసుకున్నాను: ‘పుల్ల తీసేస్తే పోగు ఆరిపోతుంది.’ పట్టుపోగు అని రాయలేదు. పోగు అని రాశాను.

నూలుపోగును ఆమె ఎప్పుడూ కాల్చి చూపించలేదు. ఎందుకు చూపిస్తుంది? గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టులో మోసం ఉంటుంది గానీ నూలులో ఎవరూ ఏదీ కలపరు. దాన్ని పరీక్షించే అవసరమే మా ఇంట్లో ఏనాడూ రాలేదు. ఇంకో సంగతి కూడా ఆమె చెప్పలేదు: నేను పక్కన లేనప్పుడు ముట్టొద్దు, అని. ఎప్పుడూ పక్కనే ఉండేది కాబట్టి ఆ మాట ఆమె నోటికి రాలేదు. చెప్పిన ప్రతిదాన్నీ అక్షరం తప్పకుండా పాటించే ఏడేళ్ల పిల్లవాడికి, చెప్పనివి రెండు మిగిలిపోయాయి.

ఆ తర్వాతి అమావాస్యకు అమ్మ ఇంట్లో లేదు. వాళ్ల నాయినకు జబ్బు చేస్తే అలంపూర్ వెళ్లింది. నాయిన వనపర్తిలో ఎవరికో చీర చూపించడానికి పొద్దున్నే బస్సెక్కాడు. మగ్గం మీద ఒక పెండ్లిచీర సగం అయింది. ఎండాకాలం. అవ్వ రొట్టెలు చేస్తూ, ఇవాళ పాఠం అన్నం తిన్నాక అంది. నేను ఆగలేకపోయాను. నాకొక అనుమానం ఉండింది: రంగు పోగూ రంగు లేని పోగూ ఒకేలా ఆరుతాయా? దాన్ని తేల్చుకోవాలనుకున్నాను. దొంగతనం అని అనిపించలేదు. నియమాలన్నీ వరసగా పాటించాను. చెంబు నింపాను. చొక్కా చేతులు మడిచాను. దొడ్లో ఆరోజు వేడిగాలి వీస్తోంది. గాలి లేని చోటు కోసం ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో అన్నిటికంటే గాలి లేని చోటు మగ్గం గుంట.

తలపైన జానెడెత్తులో పెండ్లిచీర నిలువుపోగుల పడుగు పరుచుకుని ఉంది. గుంటలో మడమల మీద కూర్చుని తాంబాళం ముందు పెట్టుకున్నాను. మొదటి పుల్ల, ఎర్ర పట్టుపోగు. చుట్టుకుంది, ఆరింది. రెండో పుల్ల, తెల్ల పట్టుపోగు. ఆరింది. పట్టు అయిపోయింది. కాళ్ల దగ్గర బెత్తెడు నూలు ముక్క కనిపించింది. మూడో పుల్ల. అది పట్టులా ముడుచుకోలేదు. పసుపు మంట పోగు మీద పరుగెత్తింది. పుల్ల తీసేశాను. ఆగలేదు. ఊదాను. మంట పోయింది. “ఆరింది,” అని పైకే అన్నాను. పోగు కొసన ఆవగింజంత ఎర్రచుక్క మెల్లగా వెనక్కి నడుస్తోంది. దాన్ని నేను చూశాను. ఇది ఎవరికీ చెప్పలేదు గానీ, చూశాను. అది నా పుస్తకంలో లేదు కాబట్టి దానికి ఏం చేయాలో తెలియలేదు. తాంబాళం ఎత్తుకుని పైకెక్కుతుంటే ఆ పోగు జారి ఎడమ మూలన పడింది. ఆ మూలన ఏళ్ల తరబడి రాలిన నూలుపీచు పిల్లి పడుకున్నట్టు మెత్తగా పేరుకుని ఉండేది. చెంబులో నీళ్లు వాడలేదు. ఎండాకాలం నీళ్లు పారబోస్తే తిడతారని, ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చి మళ్లీ బిందెలో పోశాను.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు. మంజుల సగం రొట్టె తిని, బొమ్మను చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఎండాకాలం మగ్గం ఆగిన రోజున అది గుంటలో పడుకునేది, చల్లగా ఉంటుందని. నాకు ఆ సంగతి తెలుసు. నేను రొట్టె తింటూనే ఉన్నాను.

అవ్వ ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. ముక్కు పైకెత్తింది.

“నూలు కాల్తున్నది,” అంది.

పొగ అని కాదు, ఏదో వాసన అని కాదు. నూలు అంది. పళ్లెం తన్నుకుంటూ లేచింది. నేను వెళ్లేసరికి ముందుగదిలో పైనంతా పొగ కమ్ముకుని ఉంది, మోకాలెత్తు దాకా మాత్రం తేటగా ఉంది. మగ్గం కింద ఎర్రటి వెలుగు. మంజుల ఏడవడం లేదు. కుడి మూలకు అతుక్కుని రెండు చేతులతో కళ్లు మూసుకుని నిలబడింది. మంట తనను చూడకుండా దాక్కున్నట్టు. అవ్వ బోర్లా పడుకుని, చేయి లోపలికి చాచి, దాని రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నా మీదికి తోసి, “దీని కాలు నీళ్లల్ల వెట్టు! తియ్యకు!” అని అరిచింది. మంజుల మడమ మీద చర్మం తెల్లగా ఉబ్బింది. నేను దాన్ని నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి, కాలు లోపల ముంచి, అదే చెంబుతో బిందెలో నీళ్లు అవ్వకు మోశాను. తొమ్మిది చెంబులు. లెక్క పెట్టాను. అప్పుడు లెక్క పెట్టడం తప్ప నా తలలో ఇంకేదీ లేదు. మధ్యమధ్యలో ఉరికి వెళ్లి మంజుల కాలు తొట్టిలోనే ఉందా అని చూశాను. అది గడగడ వణుకుతూ, “సలి,” అంటోంది.

ఆరాక అవ్వ పడుగు దగ్గర కూర్చుంది. జానెడున్నర మేర నూలుపోగులు మాడి వేలాడుతున్నాయి. అంచు దగ్గర పట్టుపోగులు మాత్రం కొసలు చుట్టుకుని, వేలెడు దూరంలో ఆగిపోయాయి. ఆమె వాటిని చేత్తో తడిమింది. తర్వాత నా మడిచిన చొక్కా చేతులు చూసింది.

“గుంటల ఏం గాల్చినవ్ పెద్దోడా?”

“పట్టు ఆరింది అవ్వా. నూలు గూడ... నూలు గూడ ఆరింది.”

కొడుతుందనుకున్నాను. ఆమె మొహంలో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో కనబడిన మనిషి మొహం అది. “నీళ్లు?” అంది. మళ్లీ బిందెలో పోశానని చెప్పాను. ఆమె కొంగుతో నోరు మూసుకుంది.

నాయిన సాయంత్రం వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే వాసన పట్టాడు. మంజుల మడమ చూశాడు, మగ్గం చూశాడు. ఏమైందని ఎవరినీ అడగకముందే అవ్వ, “సాంబ్రాణి బొగ్గు నా చేతులకెల్లి జారింది నాయినా. చూసుకోలే,” అంది. నేను నోరు తెరిచాను. నా నెత్తి మీద ఆమె చేయి బరువుగా వచ్చి ఆనింది. నాయిన ఆమెను ఒక్కమాట తిట్టలేదు. కత్తెర తీసుకుని పడుగును మధ్యలో కోశాడు. నేతపని వాళ్ల ఇంట్లో ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. కోయడం అయ్యాక, తల ఎత్తకుండా అన్నాడు.

“నీకు వయసైపాయె అమ్మా. ఇయ్యాల్టి సంది నువ్వు అగ్గి ముట్టకు. అద్దకం వద్దు. పొయ్యి గూడ వద్దు.”

“సరే నాయినా,” అంది అవ్వ.

గంగాళం అటకెక్కింది. రంగులు వేరే ఇంట్లో అద్దించడం మొదలైంది. ఆమె చేతుల మీది రంగులు నెల తిరిగేసరికి వెలిసిపోయాయి. తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. ఆ పద్నాలుగేళ్లూ నేతకు నూలు కండెలు చుట్టింది. అమ్మ ఊళ్లో లేకపోతే చలికాలం చన్నీళ్లతో స్నానం చేసింది. దీపం వత్తి ఎగదోయాలన్నా నన్ను పిలిచేది. నేను వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతూ శనివారాలు ఇంటికి వచ్చినప్పుడు ఆమె కుంపటికి అల్లంత దూరంలో చేతులు చాచి కూర్చుని ఉండేది. చేతులు నిశ్చలంగా ఉండేవి.

చెబుతాననకపోలేదు నేను. కాలిన మర్నాడే, “నాయినకు చెప్త అవ్వా,” అన్నాను.

“ఏమని చెప్తవ్?”

“నేనే కాల్చిన్నని.”

“చెప్తే ఏమైతది? మీ నాయిన అగ్గిపెట్టె అటక మీద వెడ్తడు. నువ్వు సాటుకు దించుతవ్. సాటుకు నేర్సిన అగ్గి ఇల్లు తింటది.” కాసేపు కండె చుట్టి మళ్లీ అంది, “నువ్వు నేను చెప్పిందంత చేసినవ్. చెప్పంది ఎట్ల చేస్తవ్ రా? సగం నేర్పినోళ్లది తప్పు. సగం నేర్సినోంది కాదు.”

తర్వాతి అమావాస్యకు మిగతా సగం నేర్పింది. నాయిన బయటికి వెళ్లగానే దొడ్లోకి పిలిచింది. చేతులు రెండూ చంకల్లో దోపుకుని మడమల మీద కూర్చుంది. “నన్ను ముట్టొద్దన్నడు. నిన్ను ముట్టొద్దనలే. గీయ్ పుల్ల,” అంది. నూలుపోగు అంటించాను. ఊదించింది. ఎర్రచుక్క చూపించింది. “గిదే దొంగది. మంట మొరిగే కుక్క. గిది మొరగదు.” చుక్క పోగంతా నడిచి నా వేళ్ల దాకా వచ్చేవరకు చూడనిచ్చి, అప్పుడు నీళ్లలో ముంచమంది. ముంచాక తడి వేళ్లతో నలపమంది. నలిపాక వాసన చూడమంది. “ఆరిందని కన్ను చెప్పొద్దు పెద్దోడా. తడి వేలు చెప్పాలె.” పంపుహౌసులో కసరత్తు అయిపోయాక, అందరూ వెళ్లిపోయినా, నేను బూడిదలో ఇప్పటికీ వేలు పెట్టి చూస్తాను. కుర్రాళ్లు నవ్వుకుంటారు.

ఇదంతా, ఆద్య నల్లమచ్చ చూసిన ఆ మధ్యాహ్నం, గుంట పక్కన నిలబడి నాయినకు చెప్పాను. ఇంత వరసగా కాదు. ముందు, “సాంబ్రాణి కాదు నాయినా,” అన్నాను. తర్వాత ఆగకుండా వచ్చేసింది. ఆద్య గుంటలో నుంచి ఒకసారి నన్ను, ఒకసారి తాతను చూస్తోంది. నాయిన మంచం పట్టె పట్టుకుని వింటున్నాడు. అయిపోయాక వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

“సచ్చేటప్పుడు గూడ చెప్పలేదు గదరా ఆమె,” అన్నాడు.

“చెప్పలే.”

“నువ్వు గూడ.”

“నేను గూడ చెప్పలే.”

ఆయన మోకాళ్లు రుద్దుకున్నాడు. తిడితే బాగుండనిపించింది. “సలికాలం సన్నీళ్లు పోసుకుంటుండె,” అన్నాడు చివరికి, నాతో కాదు. “నేను గా గడపల కూసోని చూస్తుంటి. బుద్ధొచ్చిందనుకుంటి.” లేచి, గోడ పట్టుకుంటూ దొడ్లోకి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా లోపలికి రాలేదు. అన్నం ఆద్య తీసుకెళ్లి ఇస్తే తిన్నాడు.

మర్నాడు పొద్దున నా కాగితం తీశాను. ఒకటో అంశం: పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు ముట్టుకోకూడదు. ఆద్యతో మూడుసార్లు చెప్పించాను. ఫోన్ అమ్మకిచ్చి వంటింట్లో పెట్టించాను. చెంబు కోసం వెళ్తుంటే దొడ్లో చప్పుడైంది. నాయిన పక్కింటాయనతో అటక మీది గంగాళం దింపించి, తోమించి, నిండా నీళ్లు పట్టిస్తున్నాడు. రాగి అంచు మీద పాత నెమలికంఠం రంగు ఇంకా పట్టుకుని ఉంది.

“చెంబు సాలదు,” అన్నాడు. ముందురోజు మధ్యాహ్నం తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. మడమల మీద కూర్చోలేడు కాబట్టి పీట తెచ్చుకుని, ఆద్య జడ తన పిడికిట్లో చుట్టుకుని, దాని వెనక కూర్చున్నాడు.

పట్టుతో మొదలుపెట్టలేదు నేను. నూలు తీశాను. పట్టుకారుతో పట్టుకోమన్నాను. పుల్ల నేను గీశాను. మంట పోగు మీద పరుగెత్తింది. ఆద్య భుజాలు బిగుసుకున్నాయి గానీ పట్టు వదల్లేదు. “ఊదు,” అన్నాను. ఊదింది. మంట పోయింది. సన్నటి పొగ, కాగితం కాలిన వాసన.

“ఆరిపోయింది!” అంది ఆద్య.

నేను నోరు తెరిచేలోపే నాయిన వంగాడు. “ఆరలే బిడ్డా. మంచిగ చూడు. ఎర్రసుక్క నడుస్తున్నది.”

ఆద్య చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే పోగును గంగాళంలో ముంచింది. తడి వేళ్లతో నలిపించాను, వాసన చూపించాను. వేళ్లు నల్లగా అయ్యాయి. “ఇప్పుడు?” అంది.

“ఇప్పుడు ఆరింది,” అన్నాడు నాయిన.

అది నల్లటి వేళ్లను తిప్పి చూసుకుంటూ, ముందుగది వైపు తల తిప్పింది. మట్టి ట్రాలీ అప్పటికే వాకిట్లో వచ్చి ఆగింది. “తాతా, మరి ముత్తవ్వ బొగ్గు పడగొట్టింది అన్నవు?”

నాయిన దాని జడ ఇంకా వదల్లేదు.

“తప్పు చెప్పిన బిడ్డా. మీ ముత్తవ్వ నీళ్లు తెచ్చింది.”